చెరిపిన పద్నాలుగు

మే నెల రెండో శనివారం పొద్దున పదిన్నరకు ఐలా కోస్కెలా తన వంటింటి బల్ల ముందు కూర్చుని, అప్పుడే దిద్దుకున్న నమూనా పరీక్ష కాగితం మీద నూట యాభై అయిదు అని వేసుకుంది. రెండోసారి లెక్కపెట్టింది. అంతే వచ్చింది. విచిత్రమేమిటంటే ముందుగా ఆమెకు బాధ కలగలేదు. పక్కటెముకల కింద ఎక్కడో బిగిసి ఉన్నదేదో కాస్త వదులైనట్టయింది. బాధ ఆ తర్వాత వచ్చింది, పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన చుట్టంలా, కొంచెం సిగ్గుపడుతూ.

లా స్కూలు ప్రవేశ పరీక్షలో మార్కులు నూట ఇరవై దగ్గర మొదలై నూట ఎనభై దగ్గర ఆగుతాయి. ఏప్రిల్లో, సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా విరగకముందు, ఐలాకు ఒక నమూనా పరీక్షలో నూట అరవై నాలుగు వచ్చింది. తర్వాతి శనివారం నూట అరవై ఒకటి. ఆ తర్వాత నూట యాభై తొమ్మిది. ఇవాళ ఇది. తను ఉండే థండర్ బే ఊళ్ళోనే ఉన్న లా స్కూలుకు దరఖాస్తు పెట్టాలని ఆమె కోరిక. నూట అరవై వస్తే ధైర్యంగా పెట్టవచ్చునని తనకు తానే ఒక గీత గీసుకుంది. అసలు పరీక్ష జూన్ మొదటి వారంలో. వాయిదా వేసుకోవాలంటే వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోపు వేసుకోవాలి.

రెండేళ్ళ క్రితం కూడా ఆమె ఈ పరీక్షకు పేరిచ్చింది. అప్పుడూ ఒక వారం మార్కులు జారాయి. ఆఖరి రోజున పేరు వెనక్కి తీసుకుంది. రేవులో పని ఎక్కువగా ఉందని అందరికీ చెప్పింది. పని నిజంగానే ఎక్కువగా ఉంది కాబట్టి ఎవరూ అనుమానించలేదు, ఆమెతో సహా.

ఐలాకు ముప్ఫై ఒక్కేళ్ళు. గోధుమలు తనిఖీ చేసే ఉద్యోగం. పడమటి మైదానాల నుంచి రైళ్ళలో వచ్చిన ధాన్యాన్ని రేవులోని గాదెల్లో నిలవచేసి ఓడలకెత్తుతారు. దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ తీసిన మచ్చు ఆమె బల్ల మీదికి వస్తుంది. బూజు పట్టినవి, మొలకెత్తినవి, పొల్లువి పట్టకారుతో ఏరి, తూచి, మొదటి రకమో మూడో రకమో తేలుస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. నాలుగేళ్ళ కింద ధాన్యం రకం మీద వచ్చిన ఒక తగాదాలో సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినప్పుడు, ఒక ముసలి రైతు తనకు బాగా తెలిసిన నిజాన్ని వరసగా చెప్పలేక ఓడిపోవడం చూసింది. ఆయన చేతులు టోపీని అలా తిప్పుతూనే ఉన్నాయి. లా చదవాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే అల్లిన కథలా వినిపిస్తుందని ఆమె భయం.

బల్ల మీద ఆ కాగితం పక్కనే నీలం అట్ట పుస్తకం ఉంది. తప్పుల పుస్తకం. ప్రతి నమూనా పరీక్ష తర్వాత తప్పుపోయిన ప్రతి ప్రశ్ననూ అందులో ఎక్కిస్తుంది: ఏ జవాబు పెట్టింది, అది ఎందుకు తప్పు, అందులో వల ఎక్కడ పన్నారు. రెండు వందల పన్నెండు వలలు జమయ్యాయి. తన జీవితంలో ఇంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదని ఆమె నమ్మకం. ఆ పుస్తకాన్ని చూస్తే మనసుకు నిబ్బరంగా ఉంటుంది. ఇవాళ ఇంకో ఇరవై ఏడు ఎక్కించాలి. పెన్సిలు చెక్కుకుని మొదలుపెట్టింది.

*

శనివారం మధ్యాహ్నాలు ఇర్యా అత్త ఇంట్లో గడుస్తాయి. ఐలా తండ్రికి అక్క ఆవిడ. డెబ్బై నాలుగేళ్ళు. పెరట్లో ఆమె మొగుడు ఆవిరి స్నానానికని కట్టిన సౌనా గది ఉంది. పొయ్యి రాజేసి, రాళ్ళు కాగాక, ఇద్దరూ తువాళ్ళు చుట్టుకుని పై బెంచీ మీద కూర్చుంటారు. ఎవరికీ ఎవరి ముఖమూ సరిగ్గా కనిపించని ఆ వెలుతురులో అత్త ఏదడిగినా దబాయించినట్టుండదు. అడిగేది మాత్రం దబాయించే ప్రశ్నే.

"ఎంతొచ్చింది?"

"ఎందుకులే అత్తా."

"తగ్గిందన్నమాట. పెరిగుంటే గుమ్మంలోనే చెప్పేదానివి." ఇర్యా గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద పోసింది. ఆవిరి బుస్సుమంది. "ఎంత తగ్గిందేంటి?"

"తొమ్మిది. నెలరోజుల్లో."

"దేంట్లోంచి తొమ్మిది?"

"అది చెప్తే నీకు అర్థం కాదు."

"కాదులే. నాకు కట్టెలు చీల్చడం, చేపలు కోయడం తప్ప ఏం తెలుసు. నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఇప్పుడేం చేస్తావ్?"

ఐలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. "శుక్రవారం లోపు వాయిదా వేసుకోవచ్చు. సెప్టెంబర్లో రాస్తే ఇంకా బాగా తయారవ్వచ్చు. ఎండాకాలం మొత్తం చేతిలో ఉంటుంది."

"సెప్టెంబర్లో తల మార్చి ఇస్తారా?"

"అత్తా."

"లేదు, అడుగుతున్నా. ఉన్న తలతోనే రాయాలంటే జూన్ అయితే ఏం, సెప్టెంబర్ అయితే ఏం?"

"అంత తేలిగ్గా కాదు."

"తేలికని నేనన్నానా?" ఇర్యా చేతి వెనక భాగంతో నుదురు తుడుచుకుంది. "పోయినసారి కూడా ఈ బెంచీ మీదే కూర్చుని ఇదే చెప్పావ్. పేరు తీసేసుకున్నానత్తా అన్నావ్. నువ్వు ఏడుస్తావేమో, ఏం చెప్పి ఊరుకోబెట్టాలా అని నేను లోపల్లోపల తంటాలు పడుతున్నా. నువ్వు ఏడవలేదు. లోపలికెళ్ళి రెండు గిన్నెల చేప సూపు తాగావ్. మూడోది కూడా పోయనా అంటే సగం పొయ్యి అన్నావ్."

ఐలాకు అప్పటి సూపు గుర్తుకొచ్చింది. పాలల్లో ఉడికిన బంగాళాదుంప, సోయికూర వాసన. ఆ రోజు ఎంత ఆకలి వేసిందో ఒంటికి జ్ఞాపకముంది. ఇవాళ కూడా పొద్దున ఆ అంకె వేసుకున్న పావుగంటకు లేచి మూడు గుడ్లు వేయించుకుంది. మామూలుగా ఆమె పొద్దున ఏమీ తినదు.

"ఆకలేసిన మనిషి తింటుంది. అందులో తప్పేముంది?" అంది చివరికి.

"తప్పని ఎవరన్నారు? సూపు బాగుందని నేనూ సంతోషించా." అత్త దిగి తలుపు తీసింది. "కట్టెలు అయిపోవచ్చాయి. వెళ్ళేముందు నాలుగు మోపులు తెచ్చి పడెయ్. లాయరమ్మవైతే ఎలాగూ తేవు."

ఇంటికి నడిచి వెళ్తూ ఐలా ఆ గుడ్ల సంగతి ఆలోచించింది. మనిషి తన గురించి తాను అన్నీ గమనిస్తున్నాననుకుంటుంది, కానీ ముఖ్యమైనవి పక్కింటివాళ్ళకే ముందు కనిపిస్తాయి. మార్కులు తగ్గినందుకు తనలో ఒక మూల హాయిగా ఉందన్న మాటను ఆమె పూర్తిగా అనుకోలేదు. వీధిలో అప్రియమైన మనిషి ఎదురైతే అవతలి వైపుకు దాటినట్టు, ఆ మాట పక్కనుంచి తప్పుకుంది.

*

సోమవారం తనిఖీ గదిలో స్టాన్ హ్రించుక్ ఆమె వెనక నిలబడ్డాడు. ముప్ఫై ఏడేళ్ళుగా ఇదే గదిలో గోధుమలు చూస్తున్న మనిషి. వచ్చే ఏడాది మానేస్తానని ఆరేళ్ళుగా చెబుతున్నాడు. ఆయన ఆమె పక్కనున్న చిన్న గిన్నెలోంచి, ఆమె చెడ్డవని ఏరి పెట్టిన గింజలను అరచేతిలో పోసుకుని, కింది నుంచి వెలిగే దీపం బల్ల మీదికి వంగాడు.

"అమ్మాయ్, ఇది ఎందుకు పడేశావ్?"

"బూజు."

"ఇదా? ఇది వాన పడ్డ గింజ. రంగు వెలిసిందంతే. బూజు గింజ సుద్దలా ఉంటుంది, ముడుచుకుపోయి ఉంటుంది, నీకు నేను చెప్పాలా? ఇదీ మంచిదే. ఇదీ మంచిదే." గోటితో ఒక్కొక్కటీ పక్కకు నెట్టాడు. "ముప్పాతిక వంతు నిజంగా చెడ్డవి. మిగిలినవి నీకు నచ్చనివి. నీ లెక్కన ఈ రైలు మొత్తం మూడో రకం. నా లెక్కన రెండో రకం. పాపం రైతు ఏం చేశాడమ్మా నిన్ను?"

"మళ్ళీ చూస్తాను."

"మళ్ళీ చూడటం కాదు. ఏప్రిల్ నుంచీ ఇలాగే ఉన్నావ్. ఇంట్లో ఏమైనా గొడవా?"

"ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను."

"అదే గొడవ. ఎవరితో పోట్లాడాలో తెలీక గోధుమలతో పోట్లాడుతున్నావ్."

ఐలాకు నవ్వొచ్చింది. నవ్వితే కాస్త గుట్టు జారినట్టవుతుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర, ఆయన బంగాళాదుంప కూరిన పెరోగీ కుడుములు వేడి చేసుకుంటుండగా, పరీక్ష సంగతి చెప్పింది. సంచీలో శనివారం నాటి కాగితం ఉంది. అసలు పరీక్ష కంప్యూటరు తెర మీదే జరుగుతుంది కానీ, ఇంట్లో సాధన మాత్రం ఆమె పాత ప్రశ్నపత్రాలు అచ్చు తీసుకుని పెన్సిలుతో చేస్తుంది. తెర మీద చదివితే ఆమెకు మాటలు జారిపోతున్నట్టుంటుంది.

స్టాన్ ఫోర్కు నోట్లో పెట్టుకునే కాగితాలు తిప్పాడు. చదవలేదు. ఆయన దేన్నీ ముందు చదవడు, చూస్తాడు. ఒక పుట పట్టుకుని కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టాడు. అలా కాదని లేచి వెళ్ళి దీపం బల్ల మీద పరిచాడు. కింది నుంచి వెలుగు పడి కాగితం పాలలా తెల్లబడింది.

"ఈ మసక మచ్చలేంటి?"

"చెరిపినవి. ముందు ఒకటి పెట్టి మార్చినవి."

"ఇన్నా?"

"ఆలోచించి మారుస్తాను."

"సరే. మార్చిన వాటిల్లో ముందు పెట్టినవి ఎన్ని ఒప్పు?"

ఆ లెక్క ఆమె ఎప్పుడూ తీయలేదు. తప్పుల పుస్తకంలో చివరికి పెట్టిన జవాబే ఎక్కుతుంది. దానికి ముందు ఏముందో ఎక్కదు. రెండు వందల ముప్ఫై తొమ్మిది తప్పులను అంత శ్రద్ధగా రాసుకున్న మనిషి, వాటిలో ఏవి మొదట ఒప్పుగా ఉండి తర్వాత తప్పయ్యాయో ఒక్కసారైనా అడగలేదు.

"ఇవన్నీ ఒక పళ్ళెంలో వెయ్," అన్నాడు స్టాన్, మచ్చు గురించి మాట్లాడినట్టే. "మార్చినవి వేరు, మార్చనివి వేరు. నువ్వు జవాబుల పట్టీ చదువు, నేను మచ్చలు చూస్తా."

పావుగంట పట్టింది. వెలుగు మీద పెన్సిలు పాత గుర్తులు నీడల్లా కనిపించాయి. మార్చినవి మొత్తం పంతొమ్మిది. మూడింటిలో ముందూ తప్పే, తర్వాతా తప్పే. రెండింటిలో మార్చడం వల్ల ఒప్పయింది. మిగిలిన పద్నాలుగూ ఒప్పుగా ఉన్నవి. ఆమె తన చేత్తో చెరిపినవి.

ఐలా ఆ అంకెను చాలాసేపు చూసింది. అవేవీ మార్చకుండా ఉంటే ఎంతొచ్చేదో మనసులో వేసుకుంది. నూట అరవై అయిదు దగ్గర తేలింది. అంటే తెలివి ఎక్కడికీ పోలేదు. ఆ మాటకు ఊరట కలగాలి. దానికి బదులు చెవులు వేడెక్కాయి. దొంగతనం జరిగిందని ఫిర్యాదు చేస్తే, దొంగ ఇంట్లోనే ఉన్నాడని చెప్పినట్టుంది.

"ఒకటి చదివి వినిపించు," అన్నాడు స్టాన్. "ఎందుకు చెరిపావో నాకు తెలుసుకోవాలనుంది."

ఆమె ఒకటి చదివింది. ఒక రొట్టెల కొట్టువాడు కొత్త పొయ్యి పెట్టాడు. ఆ నెలలో అమ్మకాలు పెరిగాయి. పొయ్యి వల్లే పెరిగాయని అతను అంటున్నాడు. ఈ వాదాన్ని అన్నిటికంటే ఎక్కువగా బలహీనపరిచేది ఏది?

"ముందు ఏం పెట్టావ్?"

"రెండోది. అదే నెలలో ఆ వీధిలోని ఇంకో రొట్టెల కొట్టు మూసేశారని."

"ఒప్పేగా. ఎందుకు తీసేశావ్?"

"మూసేశారని ఉంది కానీ, ఆ కొట్టుకు వెళ్ళేవాళ్ళు ఇక్కడికి వచ్చారని లేదు. అది మనం ఊహించుకోవాలి. వల అనుకున్నాను."

స్టాన్ ఫోర్కు కింద పెట్టాడు. "వాళ్ళు మరి ఎక్కడికి పోతారమ్మా? రొట్టె తినడం మానేస్తారా?"

"మానేయొచ్చు."

"మానేయొచ్చు. అందరూ ఒకే నెలలో మానేయొచ్చు. దీనికి బదులు ఏం పెట్టావ్?"

"నాలుగోది. కొందరికి పాత పొయ్యిలో రొట్టెలే నచ్చేవని."

"అందులో వంక ఏమీ కనపడలేదా?"

ఐలా ఆలోచించింది. "దాన్ని అంతగా చూడలేదు," అంది నెమ్మదిగా. "మిగతా నాలుగింటినీ బాగా చూశాను. నాలుగింటిలోనూ వంకలు కనిపించాయి. ఇది మిగిలింది."

ఆయన ఈసారి వేళాకోళం చేయలేదు. "మనం మచ్చును పైనుంచి కిందికి దించుతాం. అన్నీ మొదటి రకంగానే మొదలవుతాయి, వంక కనిపించినకొద్దీ దిగుతాయి. నువ్వు అదే పద్ధతి ఇక్కడ వాడుతున్నావ్. కానీ వాడు అడిగింది వంక లేనిది ఏదని కాదుగా. ఉన్నవాటిల్లో ఎక్కువ పనికొచ్చేది ఏదని. మొదటి రకం గోధుమల్లో చెడ్డ గింజ ఒక్కటీ ఉండదా? నీ పట్టకారుకే తెలుసు. ఒక్కటీ ఉండకూడదంటే ఈ రేవులోంచి ఒక్క ఓడ కదలదు."

"ఇది గోధుమలు కాదు స్టాన్. మీరు చెప్పినంత సుళువు కాదు."

"సుళువు కాదులే. సుళువైతే నేనే లాయర్ని అయ్యుండేవాణ్ణి. మా ఆవిడ కూడా సంతోషించేది." ఆఖరి పెరోగీ ఆమె వైపుకు జరిపాడు. "తిను. అందులో ఉల్లిపాయ కొంచెం మాడింది. అయినా తిను."

*

ఆయన చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. నిజమని తెలియడానికీ చెయ్యి మాట వినడానికీ మధ్య చాలా దూరం ఉంటుందనీ తెలుసు. మంగళవారం పొద్దున పనికి వెళ్ళేముందు ముప్ఫై అయిదు నిమిషాల భాగం ఒకటి ముందు పెట్టుకుని, ప్రశ్నలు చేస్తూనే తన చేతిని కనిపెట్టడం మొదలుపెట్టింది.

ఎనిమిదో ప్రశ్న దగ్గర చెయ్యి రబ్బరు వైపు వెళ్ళింది. ఆగింది. ఇప్పుడేమైంది? కొత్తగా ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. జవాబు పెట్టినప్పటికీ ఇప్పటికీ మధ్య ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు. మారింది ఆమె మెడ వెనక ఒక చల్లదనం. జవాబు త్వరగా దొరికింది, కాబట్టి మోసం. అంతే. అది ఆలోచన కాదు. ఆలోచన బట్టలు వేసుకుని వచ్చిన భయం. ఇన్నాళ్ళూ బట్టలు చూసి మర్యాద చేసి లోపలికి రానిచ్చింది.

ఇంకా కిందికి వెళ్తే ఇంకొకటి ఉంది. దాన్ని ఆ సాయంత్రం ఇంటిదారిలో చూసింది, ఈసారి అవతలికి దాటకుండా. నూట అరవై నాలుగు వచ్చిన రోజున ఆమె సంతోషించలేదు. ఆ రోజు నుంచి ఆ అంకె ఎదురుగా నిలబడి అడుగుతూ ఉంది: ఇక నిజంగా వెళ్తావా? ముప్ఫై ఒకటో ఏట, ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుంటావా? అక్కడ నీకు రాదని తేలితే? ఇన్నాళ్ళూ 'చదవగలిగేదాన్నే, కానీ' అన్న మాట మీద హాయిగా కాపురం చేశావు కదా, ఆ ఇల్లు ఖాళీ చేస్తావా? మార్కులు తగ్గిన ప్రతి శనివారమూ ఆ ప్రశ్న ఒక అడుగు వెనక్కి వేసింది. చేసింది చెయ్యే అయినా, చెయ్యి ఎవరి మాట విందో ఇప్పుడు తెలిసింది.

తెలిసినందుకు ఆమె తనను తిట్టుకోలేదు. కొంచెం జాలిపడింది, ఎవరినో వేరే మనిషిని చూసినట్టు.

ఒక నియమం పెట్టుకుంది. జవాబు మార్చాలంటే ఎందుకో పక్కన మూడు మాటల్లో రాయాలి. రాయలేకపోతే మార్చకూడదు. బుధవారం అలా చేసి చూస్తే మార్చింది రెండే, కానీ కారణాలు వెతుక్కుంటూ కూర్చోవడంతో నాలుగు ప్రశ్నలు మిగిలిపోయాయి. మొత్తం మీద అంతకు ముందున్నంత ఘోరంగానే వచ్చింది. గురువారం కొంచెం నయం. నయమా, ఆ భాగమే తేలికదా అన్నది చెప్పలేం. శుక్రవారంలోగా పూర్తి పరీక్ష రాసి చూసుకోవడానికి సమయం లేదు. ఆధారం కావాలని ఆమె చాలా కోరుకుంది. అది శనివారం దాకా దొరకదు.

శుక్రవారం నాలుగున్నరకు ఐలా పని ముగించుకుని కారులో కూర్చుంది. ఎదురుగా రేవులో ఒక ఓడ గాదె పక్కన ఒరిగి ధాన్యం ఎక్కించుకుంటోంది. సరస్సు అవతల కొండ, వెల్లకిలా పడుకున్న రాక్షసుడి ఆకారంలో, పొగమంచు లేకుండా స్పష్టంగా ఉంది. ఫోనులో పరీక్ష వాళ్ళ పుట తెరిచింది. 'తేదీ మార్చుకోండి' అన్న మీట నీలంగా, స్నేహంగా ఉంది.

దాని మీద వేలు పెట్టకుండా పైన ఉంచి, లోపల ఏమవుతోందో చూసింది. మార్చుకున్నట్టు ఊహించుకుంది. వెంటనే పక్కటెముకల కింద ఆ ముడి వదులైంది. భుజాలు దిగాయి. ఇంటికి వెళ్ళేదారిలో ఏదైనా కొనుక్కుని తినాలనిపించింది. ఆ హాయి నిజమైనదే. అందులో అబద్ధమేమీ లేదు. అయితే రెండేళ్ళ కింద కూడా అది ఇంతే నిజం. ఆ హాయి ఎన్నాళ్ళుందో ఆమెకు ఇప్పుడు కచ్చితంగా గుర్తుంది: ఆదివారం సాయంత్రం దాకా.

రాయబోతున్నట్టు ఊహించుకుంది. ముడి బిగిసింది. దాని కింద, చాలా సన్నగా, ఇంకేదో కూడా ఉంది. దానికి పేరు పెట్టబోయి మానేసింది.

ఫోను పక్క సీటులో బోర్లా పెట్టి ఓడ వైపు చూస్తూ కూర్చుంది. ఒక తూము మూసి ఇంకో తూము తెరిచారు. ధూళి మేఘంలా లేచి సద్దుమణిగింది. ఫోను మళ్ళీ తీసేసరికి అయిదు దాటి ఏడు నిమిషాలైంది. ఆ మీట బూడిద రంగులోకి మారిపోయింది.

"సరే," అంది పైకే, కారులో ఎవరూ లేకపోయినా.

*

ఆ శనివారం నూట యాభై ఎనిమిది. ఆ తర్వాతి శనివారం నూట అరవై రెండు. పరీక్షకు ముందు ఆఖరుది నూట అరవై. వరసగా ఎక్కలేదు, కానీ ఆమె ఇప్పుడు ముందుగా చూసుకునేది ఆ అంకెను కాదు. కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి మసక మచ్చలు లెక్కపెట్టేది. ఏడు. ఐదు. నాలుగు. తప్పుల పుస్తకాన్ని అలమరలో పెట్టేసింది. తొలి రెండు రోజులూ చెయ్యి దానికోసం వెతుక్కుంది.

ఐలా ఉండేది ఒక సంగీతం మాస్టారి వాటాకు పై వాటాలో. పరీక్ష ఇంటి నుంచే రాయాలి, చుట్టూ చప్పుడు ఉండకూడదు. అందుకని ఇర్యా అత్త ఇంట్లో వెనక గదిలో రాయడానికి ఏర్పాటు చేసుకుంది. పర్యవేక్షించే అమ్మాయి కంప్యూటరులోంచి, ఎక్కడో దూరదేశంలోని గొంతుతో, గది నాలుగు మూలలూ చూపించమంది, బల్ల కింద చూపించమంది, చెవులు చూపించమంది. అత్త ఉదయం నుంచీ ఇంట్లో కాలి మునివేళ్ళ మీద నడుస్తోంది.

తెర మీద చెరిపితే గుర్తు మిగలదు. ఒక చోట నొక్కితే పాతది మాయమై కొత్తది వెలుగుతుంది. కాగితం మీద సాధన చేయడం ఎంత అదృష్టమో ఆమెకు అప్పుడు అర్థమైంది. తెర మీదే చేసి ఉంటే ఆ పద్నాలుగూ ఎవరికీ ఎప్పటికీ కనిపించేవి కావు.

రెండో భాగంలో పదిహేడో ప్రశ్న దగ్గర మెడ చల్లబడింది. పెట్టిన జవాబు త్వరగా దొరికినదే. చెయ్యి కదిలింది. రాసుకోవడానికి అనుమతి ఉన్న తెల్లకాగితం మీద మూడు మాటలు రాద్దామని పెన్సిలు పట్టుకుంది. రాయడానికి ఏమీ లేదు. భయం కూర్చునే ఉంది. ఉండనిచ్చి పద్దెనిమిదో ప్రశ్నకు వెళ్ళింది. ఇరవై రెండో ప్రశ్న దగ్గర మాత్రం 'కొందరే, అందరూ కాదు' అని రాసి జవాబు మార్చింది. అలా మార్చినప్పుడు మెడ చల్లబడలేదని గమనించి, గమనించినందుకు నవ్వొచ్చి, పర్యవేక్షకురాలు చూస్తుందేమోనని ముఖం సర్దుకుంది.

అయిపోయాక వంటింట్లోకి వస్తే అత్త నేల తుడుస్తోంది. నీళ్ళు ఫ్రిజ్ కింద నుంచి మడుగు కట్టాయి.

"ఏమైంది?"

"గుర్రుమంటోందని పొద్దున తీగ పీకేశా. మళ్ళీ పెట్టడం మర్చిపోయా. చేపలన్నీ మెత్తబడ్డాయి." ఇర్యా గుడ్డ పిండింది. "ఎలా రాశావ్?"

"తెలీదు."

"పోయినసారిలా ముఖం లేదులే. ఇటు రా, ఆ చివర తుడువ్. ఎనిమిది చేపలు, ఇవాళ వండకపోతే పనికిరావు. ఎవరినైనా పిలవాలి. మీ పెద్దాయన్ని పిలువ్, ఆ గోధుమలాయన్ని. తింటాడా?"

"వద్దన్నా తింటాడు."

*

మార్కులు మూడు వారాల తర్వాత, ఒక బుధవారం పొద్దున వచ్చాయి. ఐలా బల్ల దగ్గరే ఉంది. ఒక మచ్చు అయిపోయి ఇంకొకటి రావలసిన సమయం. ఫోనులో ముందు వచ్చింది ప్రశ్న: ఈ మార్కులు ఉంచుకుంటారా, రద్దు చేసుకుంటారా? ఆరు రోజుల గడువుంది. దాని కింద అంకె. నూట అరవై ఒకటి.

ఏప్రిల్లో వచ్చినదాని కన్నా మూడు తక్కువ. తను గీసుకున్న గీత మీద ఒకటి. సెప్టెంబర్లో రాస్తే నూట అరవై అయిదు రావచ్చునని లోపల ఎవరో అన్నారు, చాలా మర్యాదగా, చాలా తెలివిగా. ఆమె ఆ మాట పూర్తిగా విన్నది. తర్వాత 'ఉంచుకుంటాను' అన్నదాన్ని నొక్కింది. గడువులో ఆరు రోజులూ మిగిలిపోయాయి.

ఫోను జేబులో పెట్టుకుంది. గుండె మామూలు కంటే కొంచెం గట్టిగా కొట్టుకుంటోంది. కారులో ఆ శుక్రవారం పేరు పెట్టకుండా వదిలేసినది ఇదేనేమో అనిపించింది.

అవతలి బల్ల దగ్గర నుంచి స్టాన్ తల ఎత్తాడు. "ఏంటమ్మాయ్, గాల్లోకి చూస్తున్నావ్? మార్కులొచ్చాయా?"

"ఇవాళే రావాలి."

"వస్తే చెప్పు. నిన్నటి నుంచీ మా ఆవిడ నన్ను చంపుతోంది. ఆ పిల్లకి ఎంతొచ్చింది, ఎంతొచ్చిందని."

"చెప్తాను."

మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పాలి. సాయంత్రం అత్తకు. ఆమె దేంట్లోంచి అని అడుగుతుంది, మళ్ళీ మొదటి నుంచీ వివరించాలి. ఆ పైన దరఖాస్తు, వ్యాసం, ఎవరెవరి దగ్గర ఉత్తరాలు తీసుకోవాలో ఆ పట్టీ. అవన్నీ ఉన్నాయి, రానీ. అంతవరకు, ఇంకో రెండు గంటలు, ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే. అలా ఒంటరిగా తెలిసి ఉండడంలో ఉన్న సుఖాన్ని ఆమె ఏమాత్రం తొందరపడకుండా అనుభవించింది.

కొత్త మచ్చు వచ్చింది. ఐలా సంచీ మూతి విప్పి గోధుమలు పళ్ళెంలోకి ఒంపింది.